ఆకలి చస్తుందా, మనిషి చస్తాడా? ‘స్టార్వ్’ అనే క్రియ కథ

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆదివారం ఉదయం, ఇంగ్లిషు అధ్యాపకురాలిగా పనిచేసి రిటైరైన ఒక మేడమ్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. పదకొండింటికి మొదలు కావాల్సిన సభ పదకొండున్నరకు మొదలైంది. భోజనాల వేళకి ఒక గంట ముందు నన్ను నిలబెట్టి ఆకలి గురించి మాట్లాడమన్నారు. ఈ ఆలోచన ఎవరిదో గానీ, వాళ్ళకి నా మీద ఏదో కోపం ఉన్నట్టుంది. సరే, తొందరగానే కానిద్దాం.

నేను ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇంగ్లిషు చెప్పాను. అంటే ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఎర్ర పెన్ను పట్టుకున్నాను. ఒక ఏడాది పేపర్లు దిద్దుతుంటే ఒక వాక్యం తగిలింది. ప్రశ్నేమిటంటే, జ్వరం వచ్చి కాలేజీకి రాలేకపోయావని స్నేహితుడికి ఉత్తరం రాయి. ఆ పిల్లవాడు మొత్తం ఉత్తరం బాగానే రాశాడు. మధ్యలో ఒక చోట, ‘మై హంగర్ డైడ్’ అని రాశాడు. నాకు నవ్వొచ్చింది. కొట్టేశాను. పైన ‘ఐ లాస్ట్ మై ఆపటైట్’ అని రాసి, అర మార్కు తీసేసి, పక్క పేపరు తీసుకున్నాను.

ఆ పేపరు అయిపోయింది గానీ ఆ వాక్యం నన్ను వదల్లేదు. ఎందుకంటే వాడు రాసింది ఇంగ్లిషు కాకపోవచ్చు, తెలుగుగా చూస్తే అందులో తప్పేముంది చెప్పండి? జ్వరమొస్తే మనమేమంటాం? ‘ఆకలి చచ్చిపోయింది’ అంటాం. అనమా? మనకు ఆకలి చస్తుంది. మరి ఇంగ్లిషులో? ఇంగ్లిషులో ఆకలి చావదు. ఆకలితో మనిషి చస్తాడు. ఆ చావు వాళ్ళ మాట లోపలే కూర్చుని ఉంది. ఆ మాట ‘స్టార్వ్’. ఇవాళ్టి నా సరుకంతా ఆ ఒక్క క్రియే.

స్టార్వ్ అంటే ఏమిటి? డిక్షనరీ తీస్తే తిండి లేక బాధపడటం, తిండి లేక చావడం, తిండి పెట్టకుండా బాధపెట్టడం, తిండి పెట్టకుండా చంపడం అని ఉంటుంది. నాలుగు అర్థాలూ ఒకే మాటకు. ఈ నాలుగూ గుర్తు పెట్టుకోండి, చివర్లో వీటితో పని పడుతుంది.

కానీ వెయ్యేళ్ళ కిందట ఈ మాటకీ తిండికీ ఏ సంబంధమూ లేదు. పాత ఇంగ్లిషులో ఇది ‘స్టెయోర్ఫన్’. అర్థం, చచ్చిపోవడం. అంతే. ముసలితనంతో చచ్చినా స్టెయోర్ఫన్, కత్తిపోటుతో చచ్చినా స్టెయోర్ఫన్, విందు భోజనం చేసి కడుపు నిండా ఉండి చచ్చినా స్టెయోర్ఫనే. 14వ శతాబ్దపు కవి చాసర్ కూడా, క్రీస్తు మన ఆత్మల కోసం శిలువ మీద ‘స్టార్ఫ్’ అయ్యాడని రాశాడు. ప్రాణం విడిచాడని. ఈ కాలపు పిల్లవాడి చేతికిస్తే, పాపం శిలువ మీద ఆయనకి అన్నం పెట్టలేదు కాబోలు అనుకుంటాడు.

మీ ఇళ్ళలో జర్మనీకి చదువుకు పోదామని జర్మన్ నేర్చుకుంటున్న పిల్లలున్నారా? చేతులెత్తండి. చూశారా, ఈ చిన్న హాల్లోనే ఏడెనిమిది చేతులు లేచాయి. అమీర్‌పేట చలవ! ఇంటికెళ్ళి అడగండి, ‘ష్టెర్బెన్’ అంటే ఏమిటని. చావడం అని చెబుతారు. డచ్చి భాషలో ‘స్టెర్వెన్’, అదీ చావడమే. ఇవి మన స్టార్వ్‌కి తోబుట్టువులు. జర్మన్ ఇంట్లో, డచ్చి ఇంట్లో ఈ మాట పుట్టినప్పటి అర్థంతోనే ఉండిపోయింది. ఇంగ్లిషు ఇంట్లో ఉన్నదే దారి తప్పింది. జర్మన్‌లో ఆకలితో చావడానికి వేరే మాట కట్టుకున్నారు, ‘ఫెర్‌హుంగెర్న్’ అని. లోపల ‘హుంగెర్’ వినిపిస్తోంది కదా, అదే ఆకలి. కాబట్టి మీ పిల్లలకి చెప్పండి, అక్కడ మెస్సులో ఆకలేసినప్పుడు ఇంగ్లిషు అలవాటున ‘ఇఖ్ ష్టెర్బె’ అనొద్దని. అంబులెన్సు పిలుస్తారు.

ఇంకా వెనక్కి వెళితే? భాషాశాస్త్రవేత్తలు దీని మూలాన్ని బిగుసుకుపోవడం, గట్టిపడటం అనే అర్థంలోకి తీసుకెళతారు. చచ్చినవాడు బిగుసుకుపోతాడు కాబట్టి. మనం ‘కొయ్యబారిపోయాడు’ అనమూ? శవాన్ని ‘కట్టె’ అనమూ? ఎక్కడి ఇంగ్లాండు, ఎక్కడి తెలంగాణ, శవాన్ని ముట్టుకుంటే చేతికి తగిలేది మాత్రం ఒకటే.

మరి చావడం అనే అర్థం ఎందుకు పోయింది? దీనికి కారణం బయటినుంచి వచ్చిన ఒక చుట్టం. ఇవాళ ఇంగ్లిషులో చావడాన్ని ఏమంటారు? డై. ఈ ‘డై’ చూడటానికి ఎంత అచ్చ ఇంగ్లిషు మాటలా ఉంటుందో చూడండి. కానీ పాత ఇంగ్లిషు రాతల్లో ఇది దొరకదు. ‘డెడ్’ ఉంది, ‘డెత్’ ఉంది, ‘డై’ అనే క్రియ లేదు. 12వ శతాబ్దం నుంచి రాతల్లో కనబడుతుంది. స్కాండినేవియా నుంచి ఓడలెక్కి వచ్చి ఇంగ్లాండులో కాపురం పెట్టినవాళ్ళ భాషలో ‘దేయా’ అనే క్రియ ఉండేది. దాన్నుంచి వచ్చిందే ఇది అని ఎక్కువమంది చెబుతారు. చుట్టంలా వచ్చి నట్టింట్లో మంచం వేసుకుంది. అప్పటిదాకా ఆ పని చేస్తున్న పాత మాటలు రెండు. ఒకటి మన స్టెయోర్ఫన్. రెండోది ‘స్వెల్టన్’. ఆ రెండూ ఉద్యోగం పోగొట్టుకున్నాయి.

ఉద్యోగం పోయినవాళ్ళు ఏం చేస్తారు? చిన్న పని ఏది దొరికితే అది చూసుకుంటారు. స్టెయోర్ఫన్ పోయి ఆకలి దగ్గర, చలి దగ్గర కుదిరింది. స్వెల్టన్ పోయి ఎండ దగ్గర కుదిరింది. నిజం. ఇంగ్లిషు పేపర్లు మే నెలలో ‘స్వెల్టరింగ్ హీట్’ అని రాస్తాయి చూడండి, ఆ స్వెల్టర్ దాని పిల్లే. అంటే ఒకప్పుడు చావుకి ఉన్న రెండు మాటల్లో ఒకటి ఆకలికి పోయింది, ఒకటి ఎండదెబ్బకి పోయింది. మన హైదరాబాద్ మే నెలకి రెండూ పనికొస్తాయి.

మన దగ్గరా ‘చచ్చు’కి అదే గతి పట్టింది లెండి. ఇప్పుడు ఎవరింట్లోనైనా పెద్దాయన పోతే ‘చచ్చాడు’ అనగలమా? తంతారు. ‘చనిపోయారు’ అనాలి. ‘చను’ అంటే వెళ్ళడం, ‘పోవు’ అంటే వెళ్ళడం. వెళ్ళి వెళ్ళారు అంటున్నామన్నమాట, మర్యాద కోసం రెండుసార్లు. ‘చచ్చు’ మాత్రం తిట్లలోకీ, ‘నవ్వలేక చచ్చాం’లోకీ చేరిపోయింది.

సరే, మళ్ళీ స్టార్వ్ దగ్గరికి. చావడం కాస్తా ఆకలితో చావడం ఎలా అయింది? ఒక్కరోజులో కాలేదు. మొదట్లో ‘ఆకలితో స్టార్వ్ అయ్యాడు’, ‘చలితో స్టార్వ్ అయ్యాడు’ అని కారణం కలిపి చెప్పేవారు. ఒకే జత మాటలు మళ్ళీ మళ్ళీ కలిసి తిరిగితే ఏమవుతుంది? ఒకటి ఇంట్లో ఉండిపోయినా రెండోదాన్ని చూసి జనం ఇద్దరినీ తలుచుకుంటారు. ‘ఆకలితో’ అని అనకపోయినా ఆకలి వినబడటం మొదలైంది. 16వ శతాబ్దానికి కథ దాదాపు అటే తిరిగిపోయింది.

ఇది మీకు నమ్మబుద్ధి కాకపోతే ఒక తెలుగు వాక్యం చెబుతాను. ‘ఆయన తాగుతాడు.’ ఏం తాగుతాడు? నేను చెప్పలేదే! పాలు తాగుతాడేమో, మజ్జిగ తాగుతాడేమో. కానీ మీరందరూ నవ్వారు. పిల్లనివ్వబోయే ఇంటి గురించి ఎవరైనా ‘అబ్బాయి తాగుతాడట’ అంటే ఆ సంబంధం అక్కడితో సరి. తాగే వస్తువు పేరు ఎత్తనే లేదు, సంబంధం చెడిపోయింది. స్టార్వ్‌కి జరిగిందీ అదే.

నామవాచకాల్లో అయితే మన దగ్గర కావలసినన్ని. ‘అన్నం’ అంటే సంస్కృతంలో తినేది, ఏదైనా సరే. మనకు వరి అన్నం. ‘కూర’ అంటే కోస్తా వాళ్ళకి వంకాయైనా కూరే. మా పాలమూరు వైపు ఆదివారం పొద్దున ‘కూర తెచ్చిండా?’ అంటే మటన్ తెచ్చాడా అని. ఇంగ్లిషు ‘మీట్’ కూడా అంతే, ఒకప్పుడు తిండి ఏదైనా మీటే, తర్వాత మాంసం ఒక్కటే అయింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘నూనె’. నువ్వుల నెయ్యి, నూనె. అప్పుడు నెయ్యి అంటే జిడ్డు, అది ఏ జిడ్డైనా. తర్వాత నెయ్యి ఆవు దగ్గరికీ గేదె దగ్గరికీ కుంచించుకుపోయింది, నూనె మాత్రం నువ్వుల్ని దాటి పల్లీల్లోకి, కొబ్బరిలోకి, పొద్దుతిరుగుడు గింజల్లోకి పాకింది. అందుకే మనం ‘నువ్వుల నూనె’ అన్న ప్రతిసారీ లోపల ‘నువ్వుల నువ్వుల నెయ్యి’ అంటున్నాం. ఇంగ్లిషువాడు ‘స్టార్వ్ టు డెత్’ అన్నప్పుడు అంటున్నదీ అదే. చచ్చేదాకా చచ్చాడు అని. తప్పు పట్టక్కర్లేదు. మాట తన పుట్టుక మరిచిపోయిందంటే బాగా వాడుకలో పడిందని లెక్క.

చలి సంగతి మధ్యలో వదిలేశాను. ఉత్తర ఇంగ్లాండులో, యార్క్‌షర్, లాంకషర్ వైపు పాతకాలపువాళ్ళ మాటల్లో ‘ఐయామ్ స్టార్వ్డ్’ అంటే ఆకలి కాదు, చలికి గడ్డకట్టిపోతున్నానని. పాపం కొత్తగా వెళ్ళినవాళ్ళు రొట్టె తెచ్చిపెడితే, ‘నాకు దుప్పటి కావాలి నాయనా’ అని ఉంటారు.

ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం. వాళ్ళ చలిదేశంలో చావు మాట ఒకటి చలిలోకీ ఆకలిలోకీ పోయింది. బిగుసుకుపోవడం, గడ్డకట్టడం. మరి మన ఆకలి మాటలు చూడండి. కడుపు మాడింది. కడుపు కాలింది. కాలే కడుపుకి మండే బూడిద. మలమల మాడిపోయాడు. డొక్కలు ఎండిపోయాయి. అన్నీ నిప్పే, అంతా ఎండే. లోపల జఠరాగ్ని ఉందని నమ్మినవాళ్ళం కదా.

‘మాడు’ అన్న మాట నేను చదివి నేర్చుకున్నది కాదు, చూసి నేర్చుకున్నది. మా అవ్వ మూడు రాళ్ళ పొయ్యి మీద జొన్న గట్క వండేది. కట్టెలు ఎగదోస్తూ, నీళ్ళ కోసమో దేనికోసమో లేచి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి ముందు చప్పుడు మారేది, కుతకుత పోయి చిటపట వచ్చేది. తర్వాత వాసన. అడుగున నల్లటి చెక్క కట్టేది. ఆమె దాన్ని గరిటెతో గీకుతూ అనేది, ‘కుండల నీళ్ళు ఇగిరినంక మంట ఊకోదు బిడ్డా, కుండనే తింటది’ అని. కడుపు మాడటమంటే అదే. లోపల వేయడానికి ఏమీ లేకపోయినా మంట ఆగదు, పాత్రని తింటుంది. నేను తర్వాత వైద్యం చదివిన పిల్లల్ని అడిగితే, తిండి అందకపోతే ఒంట్లో కొవ్వు, ఆ తర్వాత కండ కరిగి ఖర్చయిపోతాయని చెప్పారు. అవ్వ చెప్పిన దానికీ వాళ్ళు చెప్పిన దానికీ తేడా నాకైతే కనబడలేదు.

అందుకే మనకు చల్లదనం దీవెన. ‘నీ కడుపు సల్లగుండ’ అంటారు మా వైపు. దీన్ని యార్క్‌షర్ ముసలాయనకి ఇంగ్లిషు చేసి చెప్పండి, శాపం పెట్టారనుకుంటాడు.

ఇప్పుడు వాడుక. మా మనవడున్నాడు. సాయంత్రం ఆరింటికి మిర్చి బజ్జీలు నాలుగు తింటాడు. ఏడున్నరకి ఫోన్లో బిర్యానీ ఆర్డరు పెట్టి, బండి పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఇరుక్కుంటే, ‘అమ్మమ్మా, ఐయామ్ స్టార్వింగ్’ అంటాడు. వీడా స్టార్వింగ్! కానీ కోప్పడలేను. ‘ఆకలితో చచ్చిపోతున్నా’ అని మనమూ అంటాం, అన్న పది నిమిషాలకి బతికే ఉంటాం. అతిశయోక్తికి అంత లైసెన్సు ఇవ్వాలి. మామూలుగా ఆకలేస్తే ‘హంగ్రీ’ చాలు. రెండుపూటలు కాదు, రోజుల తరబడి తిండి లేకపోతే స్టార్వ్. ఆకలేసి చిర్రెత్తితే ఇప్పుడు ‘హ్యాంగ్రీ’ అంటున్నారు, ఆకలినీ కోపాన్నీ కలిపి కుట్టిన మాట. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ 2018లో దాన్ని లోపలికి రానిచ్చింది. ఇక నిధులకి స్టార్వ్ అయిన పథకం, గాలికి స్టార్వ్ అయిన ఇంజను, ఇవన్నీ పోలిక మీద నడిచేవి. మీకు తెలిసినవే.

ఇంకో చిన్న సంగతి. ఇంగ్లిషులో మనిషి కర్త. ‘ఐ స్టార్వ్.’ నేను చేస్తున్న పనిలాగ. తెలుగులో? ‘నాకు ఆకలేస్తోంది.’ కోస్తాలో ఆకలి వేస్తుంది, మా దగ్గర ‘ఆకలైతుంది’. పాతబస్తీలో ‘భూక్ లగ్రీ’. ఎక్కడైనా ఆకలే వస్తుంది, వేస్తుంది, తగులుతుంది. నేను చేసేదేమీ లేదు, నాకు జరుగుతుంది. ఒకప్పుడు మనకూ మనిషి కర్తగా ఉన్న క్రియ ఉండేది, ‘ఆకొను’. ‘ఆకొన్న కూడె యమృతము’ అని చిన్నప్పుడు బట్టీ పట్టాం కదా? ఆకొన్నవాడు, దప్పికొన్నవాడు. ఇప్పుడు ‘నేను ఆకొన్నాను’ అంటే హోటల్లో సర్వరు, అదేం ఐటమ్ సార్ అంటాడు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న దానికి వస్తున్నాను. మొదట్లో నాలుగు అర్థాలు గుర్తు పెట్టుకోమన్నానే, అవి. తిండి లేక చావడమూ స్టార్వే, తిండి పెట్టక చంపడమూ స్టార్వే. ఒకటే మాట. తెలుగులో అలా కుదురుతుందా? మాడటం వేరు, మాడ్చడం వేరు. చావడం వేరు, చంపడం వేరు. ఎండటం వేరు, ఎండగట్టడం వేరు. ‘కోడలి కడుపు మాడింది’ అంటే ఇంట్లో గింజలు లేవేమో అనుకుంటాం. ‘కోడలి కడుపు మాడ్చారు’ అంటే? ఎవరు మాడ్చారు, పద చూద్దాం అంటాం. నోరు తెరిచే ముందే మనం తేల్చుకోవాలి. ఇంగ్లిషులోనూ ఇలాంటి జతలు కొన్ని ఉన్నాయి. సిట్, సెట్. డ్రింక్, డ్రెంచ్. డ్రెంచ్ అంటే అసలు తాగించడం. కానీ స్టార్వ్‌కి ఇవాళ ఆ జత లేదు. ‘ద పీపుల్ స్టార్వ్డ్’ అని రాస్తే వ్యాకరణం సంతృప్తిగా ఉంటుంది. జనం స్టార్వ్ అయ్యారు. వర్షం పడింది, పొద్దు గుంకింది, జనం స్టార్వ్ అయ్యారు.

దీని నామవాచకం కథ వినండి. ‘స్టార్వేషన్’. స్టార్వ్ ఏమో అచ్చమైన నాటు మాట. వెనక ‘ఏషన్’ లాటిన్ తోక. మన వ్యాకరణంలో దీన్నేమంటారు? ఆ, సరిగ్గా చెప్పారు సార్, వైరి సమాసం. పాలాభిషేకం లాంటిదన్నమాట. పండితులు క్షీరాభిషేకం అనమంటారు, కటౌట్ల మీద పాలు పోసేవాళ్ళు వింటారా? ఈ స్టార్వేషన్‌ని ఊరికెక్కించిన పేరు హెన్రీ డండాస్ అని ఒక స్కాట్లాండు రాజకీయ నాయకుడిది. 1775లో అమెరికా వలసల మీద, న్యూ ఇంగ్లాండు వాళ్ళ వ్యాపారమూ చేపల వేటా కట్టడి చేసే బిల్లు మీద బ్రిటిష్ పార్లమెంటులో చర్చ. ఆ చర్చలో ఈ మాట ఆయనకి అంటుకుంది. ‘స్టార్వేషన్ డండాస్’ అని ఎగతాళి పేరు పడింది. చూడండి, ఈ మాట పేరు తెచ్చుకున్నది వానలు పడక కాదు. ఒకరి తిండి ఇంకొకరు ఆపడం గురించిన మాటల్లో. స్టార్వ్ మాడటం కాదక్కడ, మాడ్చడం. ఆ డండాసే తర్వాత 1793 నుంచి 1801 దాకా లండన్లో ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కి అధ్యక్షుడు. అంటే మన మీద.

మన కరువులకి మనం పెట్టుకున్న పేర్లు తెలుసు కదా? 1832-33లో గుంటూరు వైపు వచ్చింది నందన కరువు, డొక్కల కరువు అన్నారు. ఎముకలు లెక్కపెట్టుకునేలా కనబడ్డాయి కాబట్టి డొక్కల కరువు. 1876లో మొదలైంది ధాత కరువు. ధాత నామ సంవత్సరం. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి.

1877 జనవరిలో ఆ కరువు ప్రాంతానికి వైస్రాయి లిట్టన్ ఒక అధికారిని పంపాడు. సర్ రిచర్డ్ టెంపుల్. ఈయన మనకు కొత్తవాడు కాదు. 1867లో హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దగ్గర వాళ్ళ ప్రతినిధి. ఒకప్పుడు కోఠి మహిళా కళాశాల నడిచిన ఆ పెద్ద స్తంభాల భవనం ఉంది కదా, అదే రెసిడెన్సీ. మీలో అక్కడ చదివినవాళ్ళు ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కారో. ఈయన 1874లో బీహారు కరువప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. చాలా కొద్దిమంది చనిపోయారు. దానికి మెచ్చుకోవాలా వద్దా? మెచ్చుకోలేదు. మరీ ఎక్కువ ఖర్చు పెట్టాడని తిట్టారు. ఆ మచ్చ మనసులో పెట్టుకుని మద్రాసుకి వచ్చాడు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు. దానికి పొద్దంతా మట్టి తవ్వి, రాళ్ళు కొట్టాలి. ‘టెంపుల్ వేజ్’ అని చరిత్రలో పేరు పడింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, ఇది కూలి చేసే మనిషికి చాలదు, చచ్చిపోతారని పోట్లాడాడు.

ఇప్పుడు ఆ కరువు గురించి ఇంగ్లిషులో ఒక వాక్యం రాయండి. ‘మిలియన్స్ స్టార్వ్డ్.’ రాశారు కూడా. అబద్ధమా? కాదు. ఇప్పుడు తెలుగులో రాయండి. మాడారా, మాడ్చారా? కలం అక్కడ ఆగుతుంది. నేను కోరుతున్నది ఆ ఆగడమే.

మన తెలుగేదో మడి కట్టుకుని కూర్చుందని కాదు. ‘ఆకలి చావులు’ అన్నామనుకోండి, చంపినవాడు అందులోనూ మాయమే. పైగా ఆకలి చావు అన్న రెండు ముక్కలు రాయించడానికి ఎంత తంటానో పత్రికల్లో పనిచేసినవాళ్ళని అడగండి. అనారోగ్యమంటారు, రక్తహీనత అంటారు, ఆ ‘చావు’ ముందు ‘ఆకలి’ని మాత్రం రానివ్వరు.

ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1981లో ఈ స్టార్వేషన్ అనే మాట దగ్గరే మొదలుపెట్టి ఒక మెలిక విప్పాడు. దేశంలో తిండి లేకపోవడం వేరు, కొందరి చేతికి తిండి అందకపోవడం వేరు, స్టార్వేషన్ అంటే రెండోది అన్నాడు. గాదెలు నిండుగా ఉండగా కూడా అది జరగొచ్చు.

దీనికి ఉదాహరణ నాకు కరువు పుస్తకాల్లో కాదు, మాదాపూర్లో దొరికింది. మా అక్క కొడుకు సాఫ్ట్‌వేరు. వాడు ఒకరోజు ఫోన్లో, ‘ఆ ప్రాసెస్ స్టార్వ్ అవుతోంది, చూడు’ అంటున్నాడు. నేను చెవులు నిక్కపొడిచాను. ఏమిట్రా అది అంటే చెప్పాడు. కంప్యూటర్లో చాలా పనులు వరసలో ఉంటాయి. ముఖ్యమైనవాటికి ముందు వంతు. అవి వస్తూనే ఉంటే, వెనకున్న చిన్న పనికి వంతు రానే రాదు. దాన్ని స్టార్వేషన్ అంటారు పిన్నీ అన్నాడు. మరి కంప్యూటరు ఆగిపోదా? ఆగదు. బ్రహ్మాండంగా నడుస్తూ ఉంటుంది. బయటినుంచి చూసేవాడికి తేడా తెలియదు. అన్నీ ఆగిపోతే దాని పేరు డెడ్‌లాక్, అది వెంటనే తెలిసిపోతుంది. ఇది తెలియదు. మరి మందేమిటి? ఎంతసేపు ఎదురుచూస్తే అంత ముఖ్యమైనదిగా లెక్కకట్టి ముందుకి జరుపుతారట. మా రేషన్ డీలరుకి ఈ లెక్క నేర్పితే బాగుండును అనుకున్నాను.

వాడే ఇంకొకటి చెప్పాడు. గుండ్రటి బల్ల చుట్టూ అయిదుగురు తత్వవేత్తలు కూర్చుంటారు. ఇద్దరి మధ్య ఒక్కొక్క ఫోర్కు, మొత్తం అయిదే. తినాలంటే రెండు కావాలి. ఎవరూ ఆకలితో మాడకుండా ఎలా తింటారు? బల్ల మీద తిండికి కొదవ లేదు, గమనించండి. 1965లో పరీక్షలో ఇవ్వడానికి ఇలాంటి లెక్క తయారుచేసినాయన డైక్‌స్ట్రా. ఆయన ఏ దేశంవాడో తెలుసా? డచ్చివాడు. స్టెర్వెన్ అంటే ఇంకా చావడమే అయిన ఇంటివాడు.

ప్రశ్నలకి పది నిమిషాలే ఉన్నాయట. అడగండి.

ఉపవాసం ఉంటే స్టార్వ్ అనొచ్చా అంటున్నారు అమ్మ. వద్దమ్మా. ఉపవాసం మనం కోరి ఉండేది, దానికి ‘ఫాస్ట్’. పస్తు గతిలేక ఉండేది. డాక్టరు ఉండమంటే లంకణం. మనకి మూడు మాటలు. ఈ ఫాస్ట్ కూడా తమాషా. దాని మూలంలో ఉన్నది గట్టిగా నిలబడటం. వేగం అనే ఫాస్ట్‌కీ అదే మూలం. స్టార్వ్‌లో బిగుసుకుపోవడం, ఫాస్ట్‌లో బిగబట్టడం. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు తినకుండా ఉండి ప్రాణం విడిచారు. ఆయన స్టార్వ్ అయ్యారని రాస్తే ఎంత తేడా కొడుతుందో చూడండి. ‘ఫాస్ట్ అంటో డెత్’ అనాలి.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. ‘భూక్’ ఎక్కడిదని. సంస్కృతం ‘బుభుక్ష’ నుంచి. తినాలన్న కోరిక అని అర్థం. బుభుక్ష అరిగి అరిగి భూక్ అయింది. ఇంగ్లిషు మాటలో చావుంది, దీంట్లో తిండుంది. నాకు ఇదే నయమనిపిస్తుంది.

చివరి ప్రశ్నా? ఆ పిల్లవాడి అర మార్కు తిరిగి ఇచ్చానా అని. లేదు. నాకు బుర్ర వెలిగేసరికి పేపర్ల కట్టలు సీలు వేసి పంపేశాం. ఇప్పుడైతే? ఇప్పుడైనా ‘ఆపటైట్’ అనే దిద్దుతాను, ఇంగ్లిషు పరీక్ష కదా. కాకపోతే పావు మార్కే తీస్తాను.